జవాబుకు ఖర్చు ఎక్కువట!

పార్లమెంటు సమావేశాలు లేని రోజులలో ఢిల్లీ విలేఖరి రాజకీయాలను వెతుక్కుంటూ పోనక్కరలేదు. అవే ఇంటికి వస్తాయి. పోయిన ఆదివారం ఉదయం జనక్‌పురిలో మా వీధి చివర, నేల అంతస్తు ఫ్లాటులో ఉంటున్న ఒక పెద్దాయన చేతిలో కాగితంతో వచ్చి కూర్చున్నారు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, సెక్షన్ ఆఫీసరుగా విరమించిన తెలుగువారు. పిల్లలను ఇక్కడి ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడిలో చదివించుకున్నారు. వాళ్లు రెక్కలు వచ్చి ఎగిరిపోయారు, దంపతులిద్దరూ మిగిలారు.

"ఏమండీ, మీరు ఇంగ్లీషు చదువుకున్నవారు. ఈ వాక్యానికి అర్థమేమిటో చెప్పండి" అన్నారు. జీవితమంతా అటువంటి వాక్యాలను తానే వ్రాసిన మనిషి నన్ను అర్థం అడుగుతున్నారంటే, ఆ వాక్యం సామాన్యమైనది కాదని గ్రహించాను.

సంగతి చిన్నదే. ఆయన ఇంటి ముందు వాననీటి కాలువ ఒకటి ఉన్నది. ఏటా వర్షాలకు ముందు దానిలో పూడిక తీసినట్లు కాగితాల మీద ఉంటుంది. ఏటా వర్షాలకు ఆ కాలువ పొంగి నీరు ఆయన గదిలోకి వస్తుంది. కీళ్లవాతంతో మంచం పట్టిన భార్యను కుర్చీలో కూర్చోబెట్టి, మెట్లమీదుగా పై ఇంటివారి గదికి మోయించవలసి వస్తున్నది. మోసేవారు ప్రతిసారీ దొరకరు. అందుచేత ఆయన తనకు తెలిసిన విద్యనే ప్రయోగించారు. అయిదేళ్లలో ఆ కాలువకు పూడికతీత పనులు ఎవరికి అప్పగించారు, కొలతల పుస్తకంలో ఎంత మట్టి ఎత్తినట్లు వ్రాశారు, ఎంత సొమ్ము చెల్లించారు అని సమాచార హక్కు చట్టం కింద, పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి, సంబంధిత కార్యాలయాన్ని అడిగారు. నకళ్లకు అయ్యే ఖర్చు తానే ఇచ్చుకుంటానని కూడ వ్రాశారు.

ముప్ఫయ్యో రోజున జవాబు వచ్చింది. కోరిన సమాచారం వేర్వేరు విభాగాలలో చెదరి ఉన్నదట; దానిని సేకరించి క్రోడీకరించడానికి కార్యాలయ వనరులను మితిమీరి మళ్లించవలసి వస్తుందట; కనుక 7వ సెక్షను 9వ ఉపవిభాగం ప్రకారం దరఖాస్తును పరిష్కరించినట్లు భావించవలసిందట. "పరిష్కరించినట్లు" అన్న మాట దగ్గర పెద్దాయన వేలు ఆగింది. "నేను నౌకరీలో ఉండగా కూడ ఈ మాట ఇంత ధైర్యంగా వాడలేదండీ" అన్నారు.

ఆ కార్యాలయం పేరు ఇక్కడ చెప్పను. చెప్పినందువల్ల ప్రయోజనమూ లేదు. ఎందుకంటే ఆ వాక్యం ఒక్క కార్యాలయానిది కాదు. నేడు దేశంలో జవాబు చెప్పడానికి మనసు రాని ప్రతి అధికారికీ అది చేతికందిన గొడుగు. వాన కురిసినా కురవకపోయినా విప్పుతున్నారు.

ఇంతకూ చట్టం ఏమంటున్నది? సమాచారాన్ని సాధారణంగా కోరిన రూపంలోనే ఇవ్వాలనీ, అలా ఇవ్వడం వలన కార్యాలయ వనరులు మితిమీరి మళ్లిపోయే పక్షంలోనూ, రికార్డు భద్రతకు హాని కలిగే పక్షంలోనూ మాత్రం ఆ రూపంలో ఇవ్వనక్కరలేదనీ ఆ ఉపవిభాగం సారాంశం. పాఠకులు గమనించవలసినది "రూపం" అన్న మాట. అడిగినవాడు పట్టిక కావాలంటే, పట్టిక తయారు చేయడం కష్టమైతే, అసలు కాగితాల నకళ్లు ఇవ్వవచ్చు. నకళ్లు తీయడం కష్టమైతే, వచ్చి చూసుకొమ్మని ఫైళ్లు ముందు పెట్టవచ్చు. రూపం మారవచ్చును గాని సమాచారం మాయం కారాదు. పైగా అదే 7వ సెక్షను మొదటి ఉపవిభాగం, దరఖాస్తును తిరస్కరించాలంటే 8, 9 సెక్షన్లలో చెప్పిన కారణాలు తప్ప వేరే కారణం పనికిరాదని స్పష్టంగా చెప్పింది. 8వ సెక్షనులో దేశభద్రత, దర్యాప్తు, వ్యక్తిగత విషయాలు మొదలైనవి ఉన్నాయి. 9వ సెక్షనులో కాపీరైటు ఉన్నది. ఖర్చు అన్న మాట ఆ రెండింటిలోనూ లేదు.

లేకపోవడం మరపువల్ల జరిగినది కాదు. ఈ కథలో చాలమంది మరచిపోయిన ఘట్టం ఇదే. 2005 చట్టానికి ముందు మనకు మరొక చట్టం ఉండేది. వాజపేయి ప్రభుత్వ కాలంలో 2002 డిసెంబరులో పార్లమెంటు సమాచార స్వేచ్ఛా చట్టాన్ని ఆమోదించింది. రాష్ట్రపతి ముద్ర కూడ పడింది గాని, అమలులోకి తెచ్చే నోటిఫికేషను ఏనాడూ వెలువడలేదు. పుట్టినది గాని ఊపిరి తీయలేదు. ఆ చట్టంలో 9వ సెక్షను ఒకటి ఉండేది. వెతికి తీయవలసిన సమాచారం పరిమాణాన్ని బట్టి కార్యాలయ వనరులు మితిమీరి మళ్లే పక్షంలోగాని, కార్యాలయ నిర్వహణకు ఆటంకం కలిగే పక్షంలోగాని, దరఖాస్తును తిరస్కరించవచ్చునని అందులో నేరుగా వ్రాశారు. అంటే నేడు జనక్‌పురి పెద్దాయనకు వచ్చిన జవాబుకు ఆ చట్టంలో ఆధారం ఉండేది.

2005 మే 11న లోక్‌సభ, 12న రాజ్యసభ సమాచార హక్కు బిల్లును ఆమోదించాయి. ఆ అక్టోబరు 12 నుంచి చట్టం పూర్తిగా అమలులోకి వచ్చింది. పాత చట్టాన్ని కొత్త చట్టమే రద్దు చేసింది. ఆ రద్దుతోపాటు ఖర్చు పేరిట నిరాకరించే అధికారం కూడ పోయింది. "వనరులు మితిమీరి మళ్లడం" అన్న మాట మాత్రం మిగిలింది. తిరస్కరించడానికి కారణంగా కాదు, రూపం మార్చడానికి కారణంగా. పార్లమెంటు ఒక తలుపు మూసి, దాని గడియను తీసి వేరొక పనికి వాడుకొన్నది. మన అధికారులు ఆ గడియను చూపించి తలుపు ఇంకా ఉన్నదంటున్నారు. రద్దయిన చట్టం కింద, అదీ ఒక్కరోజైనా అమలుకాని చట్టం కింద, పౌరుల దరఖాస్తులు కొట్టివేస్తున్నారన్న మాట.

ఇది ఈ విలేఖరి సొంత భాష్యం అనుకోనవసరం లేదు. తపాలాశాఖ పరీక్ష జవాబుపత్రాల విషయమై 2010లో కేరళ హైకోర్టు ఈ ఉపవిభాగాన్ని విడమరచి చెప్పింది. సమాచారాన్ని తొక్కిపెట్టే విచక్షణ ఇందులో లేదనీ, కోరిన రూపంలో ఇవ్వకుండా ఉండే వెసులుబాటు మాత్రమే ఉన్నదనీ తీర్పు చెప్పింది. ఆ తీర్పు వచ్చి పదిహేనేళ్లు దాటింది. అయినా పై నుంచి కిందికి నేర్పుతున్న పాఠం వేరు.

పై నుంచి అనడానికి కారణం ఉన్నది. కేంద్రమంత్రులపై వచ్చిన అవినీతి ఫిర్యాదుల వివరాలు ఇవ్వవలసిందని 2018 అక్టోబరులో కేంద్ర సమాచార కమిషను ఆదేశించగా, వాటిని గుర్తించి వర్గీకరించడం శ్రమతో కూడినదని ప్రధానమంత్రి కార్యాలయం జవాబిచ్చింది. 2020లో, తమకు వచ్చిన సమాచార దరఖాస్తులలో పి.ఎం. కేర్స్ నిధికీ, కోవిడ్ మహమ్మారికీ సంబంధించినవి ఎన్ని అని ఒక విశ్రాంత నౌకాదళ అధికారి అడిగితే, అదే కార్యాలయం ఈ ఉపవిభాగాన్నే చూపించింది. అంకె ఒక్కటి అడిగినా వనరులు మళ్లిపోతాయని దేశపు ప్రథమ కార్యాలయమే అన్నప్పుడు, కాలువల కార్యాలయపు గుమాస్తా అనడంలో వింత ఏమున్నది?

పార్లమెంటు గ్యాలరీలో కూర్చుని వయస్సు గడిపినవాడికి ఈ భాష కొత్తదేమీ కాదు. సమాచారం సేకరించడానికి పట్టే కాలమూ శ్రమా, దానివల్ల కలుగబోయే ఫలితానికి తగినట్లుగా ఉండవని చెప్పి సభ్యుల ప్రశ్నలను మంత్రులు దాటవేయడం ఎంతో కాలంగా ఉన్న ఆచారం. ఫలితం ఎంతో ముందే ఎలా తెలిసిందని అడిగేవారు అరుదు. అయితే అక్కడ ఒక కట్టడి ఉన్నది. "సమాచారం సేకరిస్తున్నాము, సభ ముందుంచుతాము" అని మంత్రి అంటే అది హామీ అవుతుంది. ఆ హామీని వెంటాడడానికి రెండు సభలలోనూ ప్రభుత్వ హామీల కమిటీలు ఉన్నాయి. జనక్‌పురి పెద్దాయనకు అటువంటి కమిటీ లేదు.

పార్లమెంటుకు నిరాకరించలేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ నిరాకరించరాదన్న గొప్ప వాక్యం ఒకటి 2005 చట్టంలో ఉండేది. వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన ఉపవిభాగం చివర ఉండిన ఆ వాక్యం, 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ద్వారా, 2025 నవంబరులో తొలగిపోయింది. సమాచారం పొందడంలో పౌరునికీ పార్లమెంటు సభ్యునికీ ఉన్న సమానత్వం అలా పోయింది. ఖర్చు పేరిట లేదనిపించుకోవడంలో మాత్రం ఇద్దరూ సమానులుగానే ఉన్నారు.

ఇక అధికారుల పక్షాన చెప్పవలసినది చెప్పకపోతే అన్యాయం అవుతుంది. సమాచార అధికారి అన్న పదవికి వేరే జీతం లేదు, వేరే సిబ్బంది లేరు. తన పని తాను చేసుకుంటూ ఈ పని కూడ చేయాలి. పది రూపాయల రుసుము రిజిస్టరు తపాలా ఖర్చుకు చాలదు. మన తెలుగు రాష్ట్రాలలోనైతే 2005 నాటి నిబంధనల ప్రకారం మండల స్థాయిలో అయిదు రూపాయలు, గ్రామస్థాయిలో అసలు రుసుమే లేకుండా పెట్టారు. అది ఉదారమైన ఏర్పాటే గాని, దానిని ఆసరా చేసుకొని కక్షలు తీర్చుకునేవారూ, అడిగినదే పదిసార్లు అడిగేవారూ ఉన్నారు. వరంగల్లు నుంచి వచ్చి కేంద్ర సమాచార కమిషనరుగా పనిచేసిన మాడభూషి శ్రీధర్ ఆచార్యులు, సమాచారం ఇప్పించడంలో ఎవరికీ వెరవని వ్యక్తి, కూడ 2014లో అటువంటి ఒక పునరావృత దరఖాస్తుదారును గట్టిగానే మందలించవలసి వచ్చింది. నూటికి 75 మంది సిబ్బంది తమ కాలంలో 75 పాళ్లు సమాచారం సేకరించడానికే వెచ్చించే పరిస్థితిని దేశం కోరుకోవడంలేదని సుప్రీంకోర్టు 2011లో వ్యాఖ్యానించింది. లేని సమాచారాన్ని కొత్తగా తయారుచేసి ఇవ్వనక్కరలేదని కూడ చెప్పింది.

అయితే ఆ తీర్పును ఉదహరించేవారు దాని ముగింపును చెప్పరు. జవాబుపత్రాలు చూసుకొనే హక్కు విద్యార్థులకు ఉన్నదని తేల్చిన తీర్పు అది. లక్షలాది జవాబుపత్రాలు ఉన్న పరీక్షల బోర్డు వారే చూపించవలసి వచ్చినప్పుడు, ఒక కాలువ తాలూకు అయిదేళ్ల కాగితాలు ఏపాటి బరువు?

బ్రిటన్‌లో 2000 నాటి సమాచార స్వేచ్ఛా చట్టం ఖర్చు కారణంగా నిరాకరించవచ్చునని బాహాటంగానే చెప్పింది. అయితే లెక్క కూడ చెప్పింది. కేంద్ర ప్రభుత్వ శాఖలకు 600 పౌండ్లు, తక్కిన సంస్థలకు 450 పౌండ్లు పరిమితి. గంటకు 25 పౌండ్ల చొప్పున, అంటే 24 గంటలు, లేదా 18 గంటలు. అంతకు మించిన పని అయితేనే నిరాకరణ. ఆ పద్ధతి మంచిదని నేననడం లేదు. దానిపై అక్కడివారి ఫిర్యాదులు వారికి ఉన్నాయి. కాని అక్కడి అధికారి అంచనా వేయాలి. ఇక్కడి అధికారి అంచనా కూడ వేయడు. పెద్దాయనకు వచ్చిన కాగితంలో ఎన్ని ఫైళ్లో, ఎన్ని గంటలో, ఎందరు మనుషులో ఒక్క అంకె లేదు. ఖర్చు ఎక్కువ అన్నవాడు ఎంతో చెప్పాలి గదా! మన చట్టంలో దానికీ మార్గమున్నది. అదనపు రుసుము కావాలంటే, లెక్క కట్టిన తీరుతో సహా దరఖాస్తుదారుకు తెలియపరచాలి. 2012లో కేంద్రం చేసిన నిబంధనల ప్రకారం పుటకు రెండు రూపాయలు. వెయ్యి పుటలైతే రెండువేలు. పెద్దాయన చెల్లించడానికి సిద్ధంగానే ఉన్నారు. చెల్లిస్తానన్నవానికి ఖర్చు చూపించి లేదనడం ఏ వర్తకంలోనూ చెల్లదు.

అసలు ఈ శ్రమ ఎవరు తెచ్చిపెట్టుకున్నది? చట్టంలోని 4వ సెక్షను ప్రతి కార్యాలయం తన రికార్డులను వర్గీకరించి, సూచికలు వేసి, వీలైనంత మేరకు కంప్యూటర్లలోకి ఎక్కించాలన్నది. 17 రకాల వివరాలను 120 రోజులలో తమంతట తామే ప్రకటించాలన్నది. అడిగే అవసరమే ప్రజలకు రాకూడదన్నది ఉద్దేశం. రెండు దశాబ్దాలు గడిచాక "మా కాగితాలు చెదరి ఉన్నాయి" అని చెప్పేవాడు తన సాకును కాదు, తన నేరాన్ని చెప్పుకుంటున్నాడు. ఇల్లు సర్దుకోనివాడు, సర్దడానికి ఖర్చవుతుంది గనుక అతిథికి మంచినీళ్లు ఇవ్వనన్నట్లుగా ఉన్నది.

ప్రభుత్వానికి మనసుంటే కాగితాలు బరువు కావన్నదానికి సాక్ష్యం ఆంధ్రదేశంలోనే ఉన్నది. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో ఉపాధి హామీ పథకానికి సామాజిక తనిఖీలు ఆరంభించారు. ఆ పనికోసం 2009లో ప్రత్యేక సొసైటీనే ఏర్పాటు చేశారు. ఆ తనిఖీలలో మస్టర్ రోళ్లు, కొలతల పుస్తకాలు, చెల్లింపుల పట్టీలు మండల కార్యాలయం నుంచి బయటికి వచ్చేవి. కూలివాని ఇంటి ముందు కూర్చుని నీవు ఎన్ని దినాలు పనిచేశావు, ఎంత ముట్టింది అని అడిగి కాగితంతో సరిచూసేవారు. తరువాత బహిరంగ సభలో చదివి వినిపించేవారు. లక్షలాది కూలీల కాగితాలవి. అడగని వానికి కూడ ఊరూరా చదివి వినిపించగలిగిన దేశంలో, అడిగినవానికి ఒక్క కాలువ లెక్క చూపించలేమనడం నమ్మదగిన మాటేనా?

నిరాకరణకు కూడ ఖర్చున్నదని ఎవరూ లెక్కించరు. పెద్దాయన మొదటి అప్పీలు వేస్తారు. అదే కార్యాలయంలో మరొక అధికారి దానిపై నోటు వ్రాయాలి. అక్కడ కాదంటే రెండో అప్పీలు కేంద్ర సమాచార కమిషనుకు పోతుంది. జనక్‌పురి వెస్ట్‌లో మెట్రో ఎక్కితే అదే రైలు మునిర్కాలో దించుతుంది. కమిషను భవనం అక్కడికి దగ్గరే. దూరం అరగంట గాని, విచారణ తేదీకి పట్టే కాలం నెలలు. తెలంగాణలోనైతే 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా కమిషనర్లే లేక, అప్పీళ్లు ఎవరికి వినిపించాలో తెలియని స్థితి ఉండినది. నిరాకరణ సమర్థనీయమని నిరూపించవలసిన భారం అధికారిదేనని చట్టం చెబుతున్నది. తప్పు చేస్తే రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేల వరకు జరిమానా ఉన్నది. ఆ జరిమానా వేయవలసిన చేతులు ఖాళీగానో, మెత్తగానో ఉన్నప్పుడు అధికారికి భయం దేనికి? కాగితాలు తీసి చూపించడానికి పట్టే ఒక పూటకంటె, చూపించకుండా ఉండడానికి ఖజానాకు అయ్యే ఖర్చే ఎక్కువ. అది వనరుల మళ్లింపు కాదు కాబోలు!

అందుచేత చేయవలసినవి పెద్ద సంస్కరణలు కావు. ఈ ఉపవిభాగం చూపించి ఏ అధికారి అయినా జవాబిస్తే, ఆ జవాబులోనే రెండు మాటలు తప్పనిసరిగా ఉండాలి. ఒకటి, ఎన్ని ఫైళ్లు, ఎన్ని గంటలు అన్న అంచనా. రెండు, కోరిన రూపం కాకపోతే ఏ రూపంలో ఇస్తారో, ఏ తేదీన వచ్చి చూసుకోవచ్చునో. ఈ రెండూ లేని జవాబును జవాబుగా పరిగణించరాదని కమిషన్లు ఆదేశిస్తే చాలు. దీనికి కొత్త చట్టం అక్కరలేదు. ఉన్నదానిని చదివితే చాలు. 1996లో రాజస్థాన్‌లోని బ్యావర్ పట్టణంలో కూలీలు నలభై రోజులు ధర్నా చేసి అడిగినది మేధావుల చర్చలు కాదు, తమ ఊరి బిల్లులూ ఓచర్లూ నకళ్లు. ఈ చట్టం పుట్టుకే కాగితం చూపించమన్న కోరికలో ఉన్నది. ఆ కాగితమే బరువన్నవారికి చట్టమే బరువైనదనుకోవాలి.

ఇక పెద్దాయన సంగతి. ఆయనకు నేను అర్థం చెప్పలేదు. ఆయనే నాకు చెప్పారు. అప్పీలు ముసాయిదాను అప్పటికే వ్రాసుకొని జేబులో పెట్టుకు వచ్చారు. సేకరించవద్దు, క్రోడీకరించవద్దు, నకళ్లు తీయవద్దు, పాత ఫైళ్లు ఉన్న బీరువా దగ్గర నాకొక కుర్చీ వేయించండి, నేనే వెతుక్కుంటాను అని అందులో ఉన్నది. జీవితమంతా చేసిన పని అదే గదా. రికార్డుల తనిఖీకి మొదటి గంట ఉచితమనీ, ఆ పైన గంటకు అయిదు రూపాయలనీ నిబంధన.

"మొదటి గంట చాలునండీ" అన్నారాయన. "లేనిపోని లెక్కలు ఎక్కడ దాస్తారో నాకు తెలుసు."

వానకాలం ఏటా వస్తుంది. అప్పీలుకు తేదీ ఎప్పుడు వస్తుందో చూడాలి.